చలిలో బ్యాటరీ: లిథియమా, లెడ్ యాసిడా?

చలి గట్టిగా ఉండే చోట వాడటానికి బ్యాటరీ కొనేవాళ్లు మొదట అడిగేది "రెండిట్లో ఏది తట్టుకుంటుంది?" అని. నిజానికి రెండూ తట్టుకుంటాయి, రెండూ పాడవుతాయి కూడా, పాడయ్యే సందర్భాలే వేరు. లెడ్ యాసిడ్ బ్యాటరీ చలిలో ఖాళీగా పడి ఉంటే పోతుంది. లిథియం బ్యాటరీ చలిలో చార్జింగ్ పెడితే పోతుంది. బరువు, ఆయుష్షు, ఎన్నేళ్లు వస్తుంది లాంటి లెక్కలన్నీ దీని తర్వాతే.

అందుకే ఉష్ణోగ్రత ఎంతకు పడుతుందో చూసేముందు ఒక విషయం తేల్చుకోండి. బాగా చలిగా ఉన్న గంటల్లో మీ బ్యాటరీ ఏం చేస్తుంటుంది? కరెంటు ఇస్తుంటుందా, తీసుకుంటుంటుందా, ఊరికే కూర్చుంటుందా? దగ్గర చూసుకునే మనిషి ఉంటాడా? దీనికి జవాబు ఉంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇక్కడ లిథియం అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే అందరూ ఎల్‌ఎఫ్‌పీ అని పిలిచేది. సోలార్‌కి, ఇన్వర్టర్‌కి, క్యాంపర్ వ్యాన్లకి, పడవలకి లెడ్ యాసిడ్ బదులుగా అమ్ముతున్నది ఎక్కువగా ఇదే. ఫోన్లలో ఉండే లిథియం రకాలు వేరు, వాటి లెక్కలు వేరు.

చలికి ఎంత తగ్గుతుంది

బ్యాటరీ మీద రాసిన ఆంప్ అవర్లు (ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే కొలత) సుమారు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. లెడ్ యాసిడ్‌లో సున్నా డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు 80 శాతం చేతికొస్తుంది, మైనస్ 20 దగ్గర సగానికి సగం పడిపోతుంది. ఎల్‌ఎఫ్‌పీ సున్నా దగ్గర కొంచెం మెరుగ్గానే ఉంటుంది, మైనస్ 20 దగ్గర మాత్రం తయారీని బట్టి, లాగే కరెంటును బట్టి 50 నుంచి 70 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూసి "పెద్ద తేడా ఏముంది?" అనుకునేవాళ్లు చాలామంది. అక్కడే లెక్క తప్పుతుంది.

లెడ్ యాసిడ్ ఎక్కువ కాలం మన్నాలంటే మామూలు రోజుల్లోనే సగం కంటే ఎక్కువ ఖాళీ చేయకూడదు. అంటే 100 ఆంప్ అవర్ల బ్యాటరీలో మీది అనుకోగలిగింది 50. మైనస్ 20లో ఆ 50 లాగేస్తే ఆ చలికి అది ఇవ్వగలిగిందంతా ఇచ్చేసినట్టే, పైగా లోపలి యాసిడ్ పలచబడి గడ్డకట్టే హద్దుకు దగ్గరగా వస్తుంది. అదే చలిలో 100 ఆంప్ అవర్ల ఎల్‌ఎఫ్‌పీ 60 ఇచ్చింది అనుకుంటే ఆ 60 నిర్భయంగా వాడుకోవచ్చు. అడుగు దాకా వాడినా దానికి గడ్డకట్టే గొడవ లేదు, ఎందుకంటే లోపల ఉన్నది నీళ్లు కలిసిన యాసిడ్ కాదు.

ఇంకొకటి, లోడ్ పెద్దదైతే లెడ్ యాసిడ్ ఇంకా చిక్కిపోతుంది. దాని ఆంప్ అవర్ రేటింగ్ మామూలుగా 20 గంటల పాటు నెమ్మదిగా లాగితే వచ్చేది. ఇన్వర్టర్ పెట్టి ఒకటి రెండు గంటల్లో లాగితే వేసవిలోనే తక్కువ వస్తుంది, చలి కూడా తోడైతే చెప్పనక్కర్లేదు. ఎల్‌ఎఫ్‌పీ మీద ఈ ప్రభావం చాలా తక్కువ, కాకపోతే బాగా చల్లబడ్డప్పుడు లోడ్ వేయగానే వోల్టేజ్ ఒక్కసారి కిందికి జారుతుంది, అది చూసి ఇన్వర్టర్ "బ్యాటరీ అయిపోయింది" అని ఆగిపోతుంది. లోపల చార్జ్ ఉంటుంది, బయటికి రాదు. రెండు రకాల్లోనూ చలికి తగ్గిన సామర్థ్యం తాత్కాలికమే, వెచ్చబడితే తిరిగొస్తుంది. ఇకమీద చెప్పబోయే నష్టాలు అలా తిరిగొచ్చేవి కావు.

లెడ్ యాసిడ్: ఖాళీగా వదిలేస్తే మంచుగడ్డ

లెడ్ యాసిడ్‌ను గాస్టన్ ప్లాంటే 1859లో తయారు చేశాడు, అప్పటి నుంచి వాడుతున్నాం కాబట్టి అది ఎలా పాడవుతుందో దాచిపెట్టిన రహస్యం ఏమీ లేదు. డిశ్చార్జ్ అయ్యేకొద్దీ యాసిడ్‌లోని సల్ఫేట్ వెళ్లి ప్లేట్లకు అంటుకుంటుంది, మిగిలేది నీళ్లకు దగ్గరగా ఉండే ద్రవం. నిండుగా చార్జ్ అయి స్పెసిఫిక్ గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) 1.265 ఉన్నప్పుడు అది గడ్డకట్టాలంటే సుమారు మైనస్ 57 డిగ్రీలు కావాలి, మనుషులుండే చోట్ల అంత చలి చాలా అరుదు. 1.200కి దిగితే మైనస్ 27. 1.150 అయితే మైనస్ 15. బాగా దిగిపోయి 1.100 అయ్యిందంటే మైనస్ 7కే గడ్డకడుతుంది. మైనస్ 7 అంటే ఓ మాదిరి చలికాలపు రాత్రి, అంతే.

గడ్డకడితే లోపల మంచు ఉబ్బి ప్లేట్లు వంగుతాయి, ప్లేట్ల మీది పేస్టు రాలిపోతుంది, కొన్నిసార్లు డబ్బాయే పగులుతుంది. అలాంటి బ్యాటరీకి చార్జింగ్ పెట్టడం గానీ, ఇంకో బండి నుంచి కేబుళ్లు వేసి జంప్ స్టార్ట్ చేయడం గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి, పేలే ప్రమాదం ఉంది. వెచ్చని చోట పెట్టి పూర్తిగా కరగనిచ్చి, ఎక్కడైనా యాసిడ్ కారుతోందేమో చూసి, ఆ తర్వాతే పరీక్షించాలి. కరిగాక పని చేసినా పాత సత్తా ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు.

నీళ్లు పోసే రకం బ్యాటరీని, ఆ స్పెసిఫిక్ గ్రావిటీని కొలిచే హైడ్రోమీటర్‌తో చూసేవాళ్లు చలికాలంలో ఒక మోసంలో పడతారు. చల్లబడ్డ యాసిడ్ చిక్కగా ఉంటుంది కాబట్టి రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. లెక్క ఏమిటంటే 27 డిగ్రీల నుంచి కిందికి ప్రతి 5.5 డిగ్రీలకు 0.004 తీసేయాలి. యాసిడ్ మైనస్ 13 దగ్గర ఉండి హైడ్రోమీటర్ 1.230 చూపిస్తే, అసలు విలువ దాదాపు 1.200. "పర్లేదు, బాగానే ఉంది" అనుకున్న బ్యాటరీ నిజానికి సగం దగ్గర ఉందన్నమాట.

మరి చలిలో చార్జింగ్ సంగతి? ఇక్కడ లెడ్ యాసిడ్‌కి మార్కులు వేయాల్సిందే. గడ్డకట్టనంత వరకు సున్నా కింద కూడా నిక్షేపంగా చార్జ్ చేసుకోవచ్చు, నెమ్మదిగా ఎక్కుతుంది తప్ప దానివల్ల పాడవదు. కాకపోతే వోల్టేజ్ ఎక్కువ కావాలి. 12 వోల్టుల బ్యాటరీకి 25 కంటే తగ్గే ప్రతి డిగ్రీకి సుమారు 24 మిల్లీవోల్టులు కలపాలి అనుకుంటే, 14.4 దగ్గర చార్జ్ అయ్యేది మైనస్ 5లో 15.1 దాకా అడుగుతుంది. చార్జర్‌కి లేదా సోలార్ కంట్రోలర్‌కి (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే చార్జింగ్‌ను చూసుకునేది) టెంపరేచర్ సెన్సార్ లేకపోతే అది 14.4 దగ్గరే ఆగిపోతుంది, బ్యాటరీ చలికాలమంతా నిండకుండానే ఉండిపోతుంది. నిండని లెడ్ యాసిడ్‌లో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి కూర్చుంటుంది, దాన్నే సల్ఫేషన్ అంటారు, ఎండాకాలం వచ్చేసరికి "కొత్త బ్యాటరీ ఇంత త్వరగా పోయిందేంటి" అంటారు. సెన్సార్‌ను గోడకు కాదు, బ్యాటరీకే అంటించాలి, ఈ చిన్న విషయంలో పొరపాటు చేసేవాళ్లు ఎందరో.

ఏజీఎం (యాసిడ్‌ను గాజు పీచు పీల్చుకుని ఉండేది), జెల్ (యాసిడ్ జిగురులా ఉండేది) కూడా లెడ్ యాసిడ్‌లోని రకాలే. చలిలో సెల్ఫ్ కొట్టడానికి ఏజీఎం బాగుంటుంది, దాని ఇంటర్నల్ రెసిస్టెన్స్, అంటే లోపల కరెంటుకి ఎదురయ్యే అడ్డు, తక్కువ. జెల్‌కి చార్జింగ్ వోల్టేజ్ విషయంలో సున్నితం ఎక్కువ, ప్రత్యేకమైన కారణం లేకపోతే దాని జోలికి వెళ్లక్కర్లేదు.

లిథియం: సున్నా కింద చార్జింగ్ అనే గోడ

ఎల్‌ఎఫ్‌పీ స్పెసిఫికేషన్ షీటులో "మైనస్ 20 నుంచి 60 డిగ్రీల వరకు" అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తే సంబరపడకండి. అది మామూలుగా డిశ్చార్జ్‌కి సంబంధించినది. దాని కిందో పక్కనో చిన్నగా చార్జింగ్ ఉష్ణోగ్రత అని ఇంకో వరస ఉంటుంది, అది చాలావాటికి సున్నా నుంచే మొదలవుతుంది. కొనేముందు చూడాల్సింది ఆ రెండో వరస. అసలు ఆ వరసే లేని షీటు చూపిస్తే, అడిగి రాయించుకునే దాకా డబ్బు కట్టొద్దు.

చార్జ్ అయ్యేటప్పుడు లిథియం అయాన్లు వెళ్లి సెల్ లోపల ఒక ధ్రువంగా ఉండే గ్రాఫైట్ పొరల మధ్య దూరాలి. చలిలో ఆ దూరడం బాగా నెమ్మదిస్తుంది, చార్జర్ మాత్రం తోస్తూనే ఉంటుంది, దాంతో ఇరుకు తలుపు బస్సు దగ్గర జనం మూగినట్టు అవి గ్రాఫైట్ పైనే పోగుపడి లోహపు పూతగా మారతాయి. దీన్ని లిథియం ప్లేటింగ్ అంటారు. అలా పూతగా మారిన లిథియంలో చాలా భాగం మళ్లీ పనికి రాదు, కెపాసిటీ శాశ్వతంగా తగ్గుతుంది. ఆ పూత ముళ్లలా పెరిగి, రెండు ధ్రువాలనూ విడదీసే మధ్యలోని పొరను పొడిచిందంటే లోపలే షార్ట్ అవుతుంది. దీంట్లో టెన్షన్ పెట్టే సంగతి ఏమిటంటే జరిగేటప్పుడు శబ్దం రాదు, వాసన రాదు, చార్జర్ మీద ఆంపులు మామూలుగానే కనిపిస్తాయి.

దీన్ని ఆపాల్సింది బ్యాటరీ లోపలి బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్). సరైన బీఎంఎస్, లోపలి సెల్స్ ఉష్ణోగ్రత సున్నాకి దగ్గర పడగానే చార్జింగ్ ఆపేసి డిశ్చార్జ్‌ని మాత్రం ఉంచుతుంది. అయితే అన్ని బ్యాటరీల్లోనూ ఈ సదుపాయం ఉండదు, "బీఎంఎస్ ఉంది" అన్నంత మాత్రాన చలికి కటాఫ్ ఉన్నట్టు కాదు. ఉన్నా దాని సెన్సార్ ఎక్కడుందో కూడా ముఖ్యమే. సర్క్యూట్ బోర్డు మీద ఉంటే పని చేసేటప్పుడు బోర్డు వెచ్చబడి, సెల్స్ ఇంకా చల్లగా ఉండగానే గేటు తెరుచుకోవచ్చు. సెన్సార్ సెల్‌కి అంటుకుని ఉండాలి.

సోలార్ వాడేవాళ్లకి దీంట్లో ఒక చిక్కు ఉంది. తెల్లవారి ఎండ పడగానే ప్యానెల్ పని మొదలుపెడుతుంది, గాలి కూడా వెచ్చబడుతుంది, కానీ రాత్రంతా చల్లబడ్డ పదీ పన్నెండు కిలోల బ్యాటరీ గాలితో పాటు వెంటనే వెచ్చబడదు. బయట థర్మామీటర్ 4 చూపిస్తున్నప్పుడు సెల్స్ ఇంకా మైనస్ 3లో ఉండొచ్చు. సరిగ్గా ఆ గంటలోనే చార్జింగ్ వస్తుంది. కాబట్టి గాలి ఉష్ణోగ్రత చూసి నిర్ణయాలు తీసుకోవద్దు. ఇక సున్నాకీ ఐదుకీ మధ్య కూడా తక్కువ కరెంటుతో, 100 ఆంప్ అవర్ల దానికి ఓ 10 ఆంపులతో, సరిపెట్టుకోవడం మంచిది.

హీటర్ ఉన్న లిథియం బ్యాటరీలు వచ్చాక పరిస్థితి చాలా మారింది. చార్జర్ నుంచి వచ్చే కరెంటును ముందు హీటింగ్ ప్యాడ్‌కి పంపి, సెల్స్ వెచ్చబడ్డాక అసలు చార్జింగ్ మొదలుపెడతాయి. దానికి ఎంత ఖర్చవుతుందో అని భయపడతారు గానీ ఎక్కువేమీ కాదు. 12 కిలోల బ్యాటరీని మైనస్ 15 నుంచి 5కి తేవడానికి సుమారు 70 వాట్ అవర్లు కావాలి, బయటికి పోయే వేడి కలుపుకుని 100 అనుకోండి. 100 ఆంప్ అవర్ల ఎల్‌ఎఫ్‌పీలో ఉండేది 1280 వాట్ అవర్లు. అంటే ఒకసారి వెచ్చబెట్టడానికి 8 శాతం లోపే. థర్మాకోల్ లాంటి ఇన్సులేషన్ పెట్టిన పెట్టెలో ఉంచితే ఇంకా తగ్గుతుంది. కాకపోతే శీతాకాలంలో రోజంతా కలిపి ప్యానెల్ నుంచి 200 వాట్ అవర్లే వస్తుంటే, ఆ 100 చిన్న సంగతి కాదు, అప్పుడు ప్యానెల్ పెంచడం గురించి ఆలోచించాలి.

మరి మీ పనికి ఏది

ఇంజిన్ స్టార్ట్ చేయడానికైతే నా ఓటు లెడ్ యాసిడ్‌కే, అందులోనూ ఏజీఎంకి. చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, సరిగ్గా అప్పుడే బ్యాటరీ బలహీనంగా ఉంటుంది. బ్యాటరీ మీద ఉండే సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్) అంకె అందుకే. మైనస్ 18 డిగ్రీల్లో 30 సెకన్ల పాటు ఎన్ని ఆంపులు ఇచ్చినా వోల్టేజ్ 7.2 కంటే పడకుండా ఉంటుందో ఆ అంకె చెబుతుంది. ఇంజిన్ స్టార్ట్ అయ్యీ అవ్వగానే ఆల్టర్నేటర్ చార్జింగ్ మొదలుపెడుతుంది, అంటే గడ్డకట్టే చలిలో చార్జింగ్, లిథియంకి పడనిదే అది. బరువు తగ్గించుకోవాలని మోటార్ సైకిళ్లకి లిథియం వేసుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లకొక చిట్కా: సెల్ఫ్ కొట్టేముందు కాసేపు హెడ్‌లైట్ వేసి ఉంచితే బ్యాటరీ లోపల కొంచెం వెచ్చబడి రెండో ప్రయత్నానికి గట్టిగా తిరుగుతుంది. లెడ్ యాసిడ్ మీద మాత్రం ఆ చిట్కా ప్రయోగించకండి, ఉన్న చార్జ్ కూడా పోతుంది.

బ్యాటరీ మనిషి ఉండే వెచ్చని గదిలోనే ఉంటుందంటే చర్చే అక్కర్లేదు, లిథియం తీసుకోండి. 100 ఆంప్ అవర్ల లెడ్ యాసిడ్ 25 నుంచి 30 కిలోలు తూగుతుంది, ఎల్‌ఎఫ్‌పీ 10 నుంచి 13. నీళ్లు పోసే లెడ్ యాసిడ్ చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి గాలి ఆడే చోట పెట్టాలి, గాలి ఆడితే చలి కూడా వస్తుంది. లిథియంకి ఆ బాధ లేక లోపలే పెట్టుకోవచ్చు, దాంతో దాని అతిపెద్ద బలహీనత దానంతట అదే పోతుంది. పైగా వేల సైకిళ్లు (ఒకసారి వాడి మళ్లీ నింపడం ఒక సైకిల్) మన్నుతుంది, లెడ్ యాసిడ్ సగం వరకు వాడితే వందల్లోనే ఆగుతుంది.

ఎవరూ లేని చోట, అంటే కొండ మీద సెన్సార్లు, దూరంగా ఉన్న గుడిసె, మంచు కప్పేసే ప్యానెల్ ఉన్న చోట, ఎంపిక నిజంగా కష్టం. ప్యానెల్ మీద వారం పాటు మంచు కప్పేస్తే లెడ్ యాసిడ్ మెల్లగా దిగిపోతుంది, దిగేకొద్దీ గడ్డకట్టే హద్దు పైకి వస్తుంది, రెండూ ఒక రాత్రి కలుసుకుంటాయి. లిథియం అక్కడ గడ్డకట్టదు, సగం చార్జ్‌లో నెలల తరబడి కూర్చున్నా దానికి నష్టం లేదు, కానీ ఎండ వచ్చినా హీటర్ లేకపోతే చార్జింగ్ తీసుకోదు. లోడ్ చాలా చిన్నదై, అవసరానికి నాలుగైదు రెట్లు పెద్ద బ్యాటరీ బ్యాంకు (కలిపి పెట్టిన బ్యాటరీల వరస) పెట్టగలిగితే లెడ్ యాసిడ్ అక్కడ సులభం, అది ఎప్పుడూ నిండుగా ఉంటుంది కాబట్టి. మోసుకెళ్లడమే కష్టమైన చోట హీటర్ ఉన్న లిథియం, దానికి ఇన్సులేషన్ పెట్టె. హీటర్ లేని లిథియం మాత్రం ఇలాంటి చోట వద్దు. లిథియం టైటనేట్ అనే రకం మైనస్ 30లో కూడా చార్జింగ్ తీసుకుంటుంది, కానీ అదే శక్తికి బరువు ఎక్కువ, అందరికీ దొరికేదీ కాదు.

క్యాంపర్ వ్యాన్‌లో రెండూ పెట్టుకోవడమే తెలివైన పని. ఇంజిన్‌కి లెడ్ యాసిడ్, లోపలి లైట్లకి ఫ్రిజ్‌కి లిథియం. రెంటినీ నేరుగా కలపకుండా మధ్యలో కరెంటును హద్దులో ఉంచి పంపే డీసీ టు డీసీ చార్జర్ పెట్టాలి, లేకపోతే లిథియం గుంజే కరెంటుకి ఆల్టర్నేటర్ వేడెక్కుతుంది.

శీతాకాలమంతా వాడకుండా పక్కన పెట్టేవాళ్లకి: లెడ్ యాసిడ్‌ను పూర్తిగా చార్జ్ చేసి కేబుళ్లు తీసేయండి, నిండుగా ఉన్నదానికి చలి మంచిదే, తనంతట తాను దిగిపోవడం తగ్గుతుంది. రెండు నెలలకోసారి వోల్టేజ్ చూసి 12.4 కంటే తగ్గితే మళ్లీ ఎక్కించండి. లిథియంను సగం దగ్గర ఉంచి, చార్జింగ్ వచ్చే దారులన్నీ తీసేయండి, బ్యాటరీ చార్జ్‌తోనే నడిచే హీటర్ ఉంటే దాన్నీ ఆపేయండి, లేకపోతే రాత్రిళ్లు తనను తాను వెచ్చబెట్టుకుంటూ ఖాళీ అయిపోతుంది. నిల్వలో వోల్టేజ్ చూసి ఎంత చార్జ్ ఉందో చెప్పడం లెడ్ యాసిడ్‌లో కుదురుతుంది, ఎల్‌ఎఫ్‌పీలో చాలా వరకు 13.2 దగ్గరే నిలబడి ఉంటుంది కాబట్టి, లోపలికీ బయటికీ వెళ్లే కరెంటును లెక్కపెట్టే షంట్ మీటర్ కావాలి.

లెడ్ యాసిడ్ తీసి లిథియం వేసేవాళ్లు మర్చిపోయేది కంట్రోలర్ సెట్టింగు. ఇంతకు ముందు చెప్పిన టెంపరేచర్ కాంపెన్సేషన్, అంటే చలికి తగ్గట్టు వోల్టేజ్ పెంచడం, లిథియంకి అక్కర్లేదు, అది ఆన్‌లోనే ఉంటే చలికి వోల్టేజ్ 15 దాటిపోతుంది, బీఎంఎస్ దాన్ని ఓవర్ వోల్టేజ్‌గా చూసి కట్ చేసేస్తుంది. బ్యాటరీ లోపం అనుకుని వాపసు పంపేవాటిలో ఇలాంటివీ ఉంటాయి.

ఇక కొత్త లిథియం చేతికొచ్చాక కటాఫ్ నిజంగా పని చేస్తుందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. సున్నా కంటే బాగా కిందికి పోయే ఒక రాత్రి, చార్జర్ ఏదీ తగిలించకుండా, బయట వానా మంచూ పడని చోట పెట్టండి. పొద్దున్నే చిన్న చార్జర్‌ను తక్కువ ఆంపులకు పెట్టి తగిలించండి. యాప్‌లో గానీ మీటర్‌లో గానీ బ్యాటరీలోకి వెళ్లే కరెంటు సున్నా చూపిస్తే, లేదా హీటర్ ఉన్న దాంట్లో ముందు హీటింగ్ మొదలైందని చూపిస్తే, సరే. ఆంపులు నేరుగా ఎక్కడం మొదలైతే కొన్ని సెకన్లలోనే చార్జర్ పీకేసి, వాపసు గడువు ఉండగానే తిరిగిచ్చేయండి.